నేరేడు దగ్గర వంపు

మా పార్కులో నడక బాట ఎనిమిది వందల మీటర్లు. గేటు దగ్గర మొదలై వెనక గోడ దాకా గీత గీసినట్టు పోతుంది. ఒక్క పెద్ద నేరేడు చెట్టు దగ్గర మాత్రం పక్కకు ఒరిగి, చెట్టు చుట్టూ తిరిగి, మళ్లీ తోవలో పడుతుంది. పొద్దున నడిచేవాళ్లకు ఆ వంపు మీద కోపం. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి" అని మా బడి పీఈటీ సారు దాన్ని రోజూ తిట్టుకుంటూనే తిరుగుతాడు. అది ఎందుకొచ్చిందో తెలిసినవాళ్లం ముగ్గురం మిగిలాం. అందులో ఒకరికి చెప్పే ఓపిక లేదు, ఒకడికి చెప్పే ధైర్యం లేదు. కాబట్టి నేను చెబుతున్నాను. పేర్లు మార్చి చెబుతున్నాను. పేర్లు మార్చడం మా ఇంటికి కొత్త కాదు.

మా గోదావరిఖని వైపు బొగ్గు గనిని బాయి అంటారు. మా కాలనీ వెనక ఉన్నది చింతల బాయి. అరవైల్లో తెరిచారు, తొంభై నాలుగులో మూశారు. మూసిన తర్వాత దాని మీద ఇరవై ఎకరాల జాగా మిగిలింది. కంపెనీ నాటిన కానుగలు, వేపలు, తుమ్మలు పెరిగి అది చిన్న అడవయింది. ఊరేమో దాని చుట్టూ పెరిగింది. ముందు క్వార్టర్లు, తర్వాత ప్లాట్లు, ఆ తర్వాత ఫంక్షన్ హాళ్లు, బండ్ల షోరూములు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు గానీ మాది నిజంగానే దిబ్బల ఊరు. ఓపెన్‌కాస్టు గనుల్లో తవ్విపోసిన మట్టిగుట్టలు మూడు వైపులా కనిపిస్తాయి. మధ్యాహ్నం బ్లాస్టింగ్ చేస్తే గూట్లో గిన్నెలు కదులుతాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు, మేము ముద్ద కలుపుకుంటూనే ఉంటాం. కాళ్ల కింద నేల బోలుగా ఉందని తెలిసీ ఇల్లు మీద ఇల్లు కట్టుకున్న జనం మేము.

పోయిన ఏడాది మృగశిర కార్తె నాడు మున్సిపాలిటీ ఇంజనీరు చక్రపాణి మా బడికి వచ్చాడు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆయన తండ్రి భీమవరం నుంచి కరెంటు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. చక్రపాణి ఇక్కడే పుట్టాడు గానీ మాట మాత్రం ఇంకా గోదావరి జిల్లాదే.

"మేడమ్, చింతల బాయి జాగాని పార్కు చేస్తున్నామండి. ఆగస్టు పదిహేనుకి ఓపెనింగు. గేటు దగ్గర గ్రానైట్ బోర్డు మీద ఊరి చరిత్ర పన్నెండు లైన్లలో కావాలి. కొంచెం ఘనంగా ఉండాలండి."

"ఘనంగా అంటే ఎట్ల సార్?"

"శాతవాహనులు గట్రా ఏమైనా ఉంటే చూడండి."

"ఇక్కడున్నది బొగ్గు సార్. అది శాతవాహనుల కన్నా పాతది."

ఆయన నవ్వాడు. ఆ బాయిలో పనిచేస్తూ చనిపోయినవాళ్ల పేర్లు కంపెనీ నుంచి తెప్పిస్తున్నామనీ, గేటు దగ్గర వరసగా మొక్కలు నాటి ఒక్కో మొక్కకు ఒక్కో పేరు రాయి పెడతామనీ చెప్పాడు. వెళ్లబోతూ ఆగాడు.

"ఇంకో విషయమండి. ఏమనుకోకండి. నేరేడు చెట్టొకటి బాట లైన్లోకి వస్తోంది. కొట్టేయాలని రంగు మార్కు కూడా వేశాం. మీ నాన్నగారు రోజూ వచ్చి దాని కింద కూర్చుంటున్నారు. లేవమంటే లేవరు. ఎందుకంటే చెప్పరు. మీరొక మాట చెబితే బాగుంటుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ చెట్టంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు.

తొమ్మిదేళ్లప్పుడు ఆ చెట్టు కింద రాలిన పండ్లు గౌను ఒడిలో పోసుకుని ఇంటికి తెచ్చాను. బాపు ఎన్నడూ మమ్మల్ని కొట్టి ఎరుగడు. ఆ రోజు నా చేతి మీద ఒక్కటి వేసి, పండ్లన్నీ మోరీలో పారబోసి, నాతో మూడుసార్లు నోరు పుక్కిలింపజేశాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరమూ నేరేడు పండు తినలేదు, బజార్లో కొన్నది కూడా. కానీ అదే చెట్టు కింద ఏటా సారవ్వ తట్టతో పండ్లు ఏరుకుంటుంటే, బాపు దూరంగా నిలబడి చూస్తుండేవాడు. ఆమెనేమీ అనేవాడు కాదు.

సారవ్వ కంపెనీ దవాఖానాలో ఆయా. మొగుడు బాయిలో చనిపోతే ఆమెకా పని ఇచ్చారు. మొగుడు పోయినా కాలికి మట్టెలు తీయలేదు. ప్రతి ఆదివారం మా బాపు ఆమె ఇంటికి పోయేవాడు. పెంకులు సర్దేవాడు, కట్టెలు కొట్టి ఇచ్చేవాడు, తాను పనిచేసే కంపెనీ నర్సరీ నుంచి మునగకాడలు తీసుకుపోయేవాడు. కాలనీ ఊరుకుంటుందా? నిప్పు లేనిదే పొగ రాదంది.

మా బాపుకు రెండు పేర్లు. సొంతూరిలో ఆకుల రాజం, కంపెనీ కాగితాల్లో కుందారపు సదయ్య. ఇందులో వింతేమీ లేదు. ఒకడికి వచ్చిన నౌకరి కార్డు మీద ఇంకొకడు చేరడం ఆ రోజుల్లో మా దగ్గర మామూలే. కార్డు మీద ఫొటో ఉండేది కాదు. హాజరు మస్టరులో పిలిచిన పేరుకు చెయ్యెత్తినవాడే ఆ మనిషి. మూడిళ్లకొక ఇంట్లో ఊరి పేరు ఒకటి, బాయి పేరు ఒకటి. నా సర్టిఫికెట్లన్నిటి మీదా నేను కుందారపు రమనే. బాపుకు ఆ కార్డు ఎవరిచ్చారని నేనెప్పుడూ అడగలేదు. తినే అన్నం ఎవరు పండించారని అడుగుతామా?

వింతగా తోచినవి రెండే. ఎవరైనా "సదయ్యా" అని పిలిస్తే బాపు వెంటనే పలికేవాడు కాదు. ఇంకెవరైనా పలుకుతారేమోనని చూసినట్టు ఒక్క క్షణం ఆగి, అప్పుడు "ఆ" అనేవాడు. రెండోది పెత్తరమాస. ఆ రోజు చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం. మా తాత పేరు, ముత్తాత పేరు చెప్పాక బాపు చివర "సదయ్య" అనేవాడు. బతికున్న మనిషి తన పేరు మీద తానే బియ్యం ఇచ్చుకోవడమేమిటని నేను అమ్మ వైపు చూసేదాన్ని. మా అమ్మ మొహం తిప్పుకునేది.

పదకొండేళ్లప్పుడు జ్వరమొచ్చి దవాఖానాలో పడుకున్నాను. సారవ్వ నా నుదురు తుడుస్తుంటే ఆమె కోటు జేబు మీద పేరు చదివాను. ఆకుల సారవ్వ. ఆకుల మా ఊరి ఇంటిపేరు. "నీ మొగుని పేరేంది?" అని అడిగాను. ఆమె నవ్వి తల దించుకుంది. మొగుడి పేరు ఆడవాళ్లు చెప్పరు కదా. పక్కనున్న నర్సు రిజిస్టరు చూసి, "రాజం" అంది. నేను ఇంటికి వచ్చి అమ్మను నిలదీశాను. అమ్మ నా నోరు మూసింది. "ఇంకోపాలి గా మాట ఎత్తకు. మీ బాపు నౌకరి పోతది" అంది. ఇద్దరు పెండ్లాలుంటే నౌకరి పోతుందని మా క్లాసు పిల్లలు చెప్పగా విన్నాను. లెక్క సరిపోయింది. ఆ రోజు నుంచి ముప్పై ఐదేళ్లు సారవ్వ ఎదురైతే నేను రోడ్డు అవతలికి మారేదాన్ని. బాపుతో అవసరానికే మాట్లాడాను. అమ్మ పోయినప్పుడు సారవ్వ వచ్చి మూలన కూర్చుంటే, పొమ్మన్నదాన్ని కూడా నేనే.

చక్రపాణి వచ్చిన సాయంత్రం తమ్ముడు జైపాల్ క్వార్టరుకు వెళ్లాను. బాపు ఉండేది వాడి దగ్గరే. పదిహేనేళ్ల కింద బాపు మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన ఉద్యోగం వాడికి వచ్చింది. ఇద్దరూ అన్నం తింటున్నారు.

"బాపూ, గా చెట్టు కింద కూసుంటే ఏమొస్తది? దాన్ని కొట్టుడు ఖాయమైంది."

"కొట్టద్దని చెప్పు బిడ్డా. నువ్వు చెప్తే ఇంటడు గా ఇంజనీరు."

"ఏమని చెప్పాలె?"

బాపు జైపాల్ వైపు చూశాడు. జైపాల్ కంచంలోకి చూశాడు.

"అక్కా, గది ఇడిసిపెట్టు. ఇరవై ఎకరాలల్ల చెట్లకేం కరువు?" అన్నాడు తమ్ముడు.

"మరి గా చెట్టుదేంది గొప్ప? సారవ్వ పండ్లు ఏరుకునే చెట్టనా?"

అంత మాట మొహం మీద అనడం అదే మొదలు. బాపు చెయ్యి కడుక్కుని, కర్ర తీసుకుని బయటికి నడిచాడు.

పది రోజుల తర్వాత స్టాఫ్ రూములో ఉండగా చక్రపాణి ఫోన్లో జాబితా పంపాడు. కంపెనీ కాగితం, తొమ్మిది పేర్లు, చనిపోయిన తేదీలు. ఏడో వరస దగ్గర నా కళ్లు ఆగిపోయాయి.

ఆకుల రాజం. కోల్ ఫిల్లర్. జులై 1978. కప్పు కూలి మృతి. శవం లభ్యం కాలేదు.

ఆ పొద్దునే ఆకుల రాజం నాకు ఫోన్ చేసి, వచ్చేటప్పుడు ఉల్లిగడ్డలు తెమ్మన్నాడు.

ఎనిమిదో తరగతి బెల్లు కొట్టారు. పిల్లలకు ఏం చెప్పానో గుర్తు లేదు. నేను పుట్టిన మరుసటి ఏడు నా తండ్రి భూమి లోపల చనిపోయాడని రాసి ఉంది. మరి మమ్మల్ని పెంచిందెవరు? బడి విడిచాక కాళ్లు క్వార్టరు వైపు పోలేదు. బాపును అడగడానికి భయమేసింది. పార్కు వెనక గోడను ఆనుకుని ఉన్న సారవ్వ ఇంటి ముందు పోయి నిలబడ్డాను. ముప్పై ఐదేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి.

ఆమె చాటలో నేరేడు పండ్లు పోసుకుని పుచ్చులు ఏరుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పీట జరిపింది. నేను ఫోన్లో ఏడో పేరు చదివి వినిపించాను.

"గంత సదువుకున్నదానివి, ఇన్నేండ్లు పట్టిందా బిడ్డా?" అంది.

"ఆయన ఎవరు?"

"మా ఆయన."

"పేరు మా బాపుది."

"పేరు మీ బాపుదే. మనిషి మా ఆయన." ఒక పుచ్చు పండు తీసి పక్కన పడేసింది. "ఇద్దరు నౌకరి లైన్ల కలిసిన్రు. అప్పటిదాక ఒకల మొకం ఒకలెరుగరు. మా ఆయన కార్డుకు పైన పని వచ్చింది, మీ బాపు కార్డుకు లోపల పని. మీ బాపు చిన్నప్పుడు చేదబాయిల పడి తెల్లారేదాక అండ్లనే ఉన్నడట. బాయి మొగదల చీకటి జూసి కాళ్లు వణికి కింద కూలవడ్డడు. మా ఆయన నవ్విండు. 'ఇటు తే నీ కార్డు. నాకు చీకటంటే భయం లేదు' అన్నడట. గంతే. గా ఒక్క మాట."

నాకు మెల్లగా అర్థమైంది. మా బాపు పేరుతో ఆమె మొగుడు లోపలికి దిగాడు. ఆమె మొగుడి పేరుతో మా బాపు పైన నర్సరీ మొక్కలకు నీళ్లు పోశాడు.

"నాలుగేండ్లు చేసిండు. ఓనాడు కప్పు కూలింది. మూడు దినాలు తవ్విన్రు. పొగ లేసిందని గా జాగకు గోడ కట్టి మూసిన్రు. ఆఫీసుల రాజం సచ్చిండని రాసుకున్నరు. మీ బాపు ఉన్నది ఉన్నట్టు చెప్పస్తనని ఉరికిండు. నేనే కడప కాడ అడ్డం వడ్డ. చెప్తే నీ కూడు పాయె, నా కూడు పాయె, సచ్చినోడు తిరిగొస్తడా అన్న. మీ అమ్మ చంకల నువ్వున్నవ్ అప్పుడు. నేను రాజం పెండ్లాన్నని ఏలుముద్ర ఏసిన. దవాఖానల పని ఇచ్చిన్రు."

అమ్మ ఆనాడు నా నోరు మూసింది ఇందుకన్నమాట. మా ఇంటిపేరు ఆమెకుంది, ఆమె ఇంటిపేరు మాకుంది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె పాదాలే కనిపించాయి. అరిగి సన్నబడ్డ వెండి మట్టెలు.

"మరి ఇవి?" అన్నాను.

"ఏం జూసి తియ్యాలె బిడ్డా? శవాన్ని నాకు సూపెట్టలె. పేరేమో రోజు మస్టర్ల పలుకుతనే ఉన్నది. గా పేరు డ్యూటీకి పోతున్నది, గా పేరు ఓటేస్తున్నది, గా పేరు పిల్లలను బడికి తోలుతున్నది. పేరు బతికుండంగ నేను మట్టెలెట్ల తీస్త? లోకం ఏమన్న అనుకోని. మీ బాపు తోవల పోతుంటే ఎవలన్న గా పేరుతోటి పిలుస్తే, నేను కిటికీ కాడికి పోయి నిలవడేదాన్ని."

చెట్టు సంగతి కూడా ఆమే చెప్పింది. సర్వే గొలుసు మోసే చైన్‌మన్‌ను బతిమిలాడి, ఒక ఆదివారం నాడు బాపు బాయి మొగదల నుంచి గొలుసు లాగించాడట. లోపల ఆ మనిషి ఎక్కడున్నాడో సరిగ్గా దాని పైన నేల మీద కొలిపించి, అక్కడ నేరేడు మొక్క నాటాడట.

"బాపు ఆ పండు ముట్టడు కదా."

"ఎట్ల ముడుతడు? మా ఆయన మీదికెంచి పెరిగిందని ఆయన ఫికర్. నేనైతే తింట. ఏటేటా మా ఆయన పంపిస్తున్నడు, తినకుంటే మనసు కష్టపెట్టుకోడా?" చాటలోంచి గుప్పెడు తీసి నా చేతిలో పోసింది. "తిను."

నేను తిన్నాను. ఒక్కొక్కటే, అన్నీ తిన్నాను.

క్వార్టరుకు వెళ్లేసరికి బాపు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఉల్లిగడ్డలు తెచ్చినవా?" అన్నాడు. "మర్చిపోయిన బాపూ" అన్నాను. ఆ మాటకు నా నాలుక కనబడింది. ఊదారంగు నాలుక. ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత మెల్లగా జరిగి మంచం మీద నాకు చోటిచ్చాడు.

"తియ్యగున్నయా?" అన్నాడు.

"తియ్యగున్నయి బాపూ."

"వాడు నా సావు సచ్చిండు బిడ్డా." నేల వైపు చూస్తూ అన్నాడు. "నా కార్డు మీద రాసున్న సావు గది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, వాని పేరు చెప్పుకొని నేను బతికిన. ఎవలన్న సదయ్యా అంటే, ముందుగాల వాడు పలుకాలె అనిపిస్తది. ఒక్క గడియ ఆగుత. వాడు పలుకడు. ఇగ నేనే పలుకుత."

ఆ రాత్రి బాపు, జైపాల్, నేను ముగ్గురం కూర్చున్నాం. రాయి మీద సదయ్య అనే పేరు రాయించాలని నేను పట్టుబట్టాను. చరిత్ర చెప్పేదాన్ని, రాయి మీద అబద్ధం ఎట్లా రాస్తానన్నాను. జైపాల్‌కు ఈ సంగతి వాడి ఉద్యోగం అప్పుడే తెలిసింది. వాడు నా చేతులు పట్టుకున్నాడు.

"అక్కా, నేను సదయ్య కొడుకునని నౌకరిల చేరిన. సదయ్య డెబ్బై ఎనిమిదిల సచ్చిండని నువ్వు రాయి మీద రాస్తే, నేనెవల్ని? సారవ్వ పెద్దమ్మ పింఛను ఏమైతది? ఈ ఏజ్‌ల ఆమెను ఆఫీసుల చుట్టు తిప్పుతవా?"

"మరి చెట్టు కొట్టనియ్యాల్నా?"

కారణం చెప్పకుంటే చెట్టు పోతుంది. చెబితే రెండిళ్లు పోతాయి. బాపు మా ఇద్దరి మాటలూ విని, దుప్పటి కప్పుకున్నాడు.

పొద్దున్నే ఆయన నన్ను వెంటబెట్టుకుని పార్కుకు నడిచాడు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కోత మిషన్ అప్పటికే వచ్చి ఉంది. చక్రపాణి మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. బాపు చెట్టు మొదట్లో కర్రతో రెండుసార్లు నేలను తట్టాడు. లోపలున్నవాడికి వచ్చానని చెప్పడం అదని ఇప్పుడు నాకు తెలుసు.

"సారూ, మీ కాడ తొమ్మిది పేర్లున్నయట. అండ్ల ఏడో పేరు సదువు" అన్నాడు బాపు.

చక్రపాణి ఫోన్ తీసి చదివాడు. "ఆకుల రాజం. శవం లభ్యం కాలేదు."

"దొరుకలె. ఎట్ల దొరుకుతది? రాజం ఈడనే ఉన్నడు. గీ చెట్టుకు సరిగ్గ కింద. నేను గొలుసు గుంజి కొలిపిచ్చిన. మీరు గీడికెంచి బాట ఏస్తే, మనిషి ఎద మీదికెంచి ఏసినట్టే. అందరి పేర్లు గేటు కాడ పెట్టుకోన్రి. రాజం రాయి మాత్రం గీడ పెట్టున్రి."

కోత మిషన్ వాడు మిషన్ కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. చక్రపాణి తల మీద టోపీ తీశాడు.

"మీరు ఆయనకి ఏమవుతారండి?"

బాపు ఒక్క క్షణం ఆగాడు.

"దోస్తును. నా పేరు సదయ్య" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. నా తండ్రి తన పేరును తన చేతులతో మట్టిలో పెట్టి, పైన అడుగేసి నిలబడ్డాడు. డెబ్బై రెండేళ్ల మనిషి. ఇక ఎన్నడూ ఎక్కడా ఆ పేరు తనదని చెప్పుకునే వీలు లేదు. నాకు ఏడుపొచ్చింది. చక్రపాణి నా వైపు చూసి, ఆ చనిపోయిన మనిషి కోసం ఏడుస్తున్నాననుకున్నాడు. అది కూడా నిజమే.

"లైను మారిస్తే పైవాళ్లకి సమాధానం చెప్పుకోవాలండి" అన్నాడు చివరికి. "పర్లేదు, చెప్పుకుంటాను." సున్నం డబ్బా తెప్పించి, తానే వంగి, చెట్టు చుట్టూ కొత్త గీత గీశాడు.

బోర్డుకు పన్నెండు లైన్లు రాసిచ్చాను. మోదుగ అడవి, గోదావరి, బొగ్గు, క్వార్టర్లు, మట్టిగుట్టలు. ఘనంగా లేదని కొంచెం దిద్దారు. ఆగస్టు పదిహేనున రిబ్బను కత్తిరించారు. ఎనిమిది రాళ్లు గేటు దగ్గర, ఒక్క రాయి నేరేడు కింద. ఆకుల రాజం, 1978. బాపు రోజూ పొద్దున్నే వచ్చి రాయి పక్కన బెంచీ మీద కూర్చునేవాడు. తువ్వాలతో రాయి మీద వాన తడి తుడిచేవాడు. నడిచేవాళ్లు ఆ పేరు చదివి, ఆయనకు నమస్తే పెట్టి పోయేవాళ్లు. "నా రాయి మంచిగ చెక్కిన్రు బిడ్డా" అన్నాడొకసారి నాతో. ఎవరూ లేకుండా చూసి అన్నాడు.

ఆ ఇరవై రోజులూ నేను రోజూ ఆయన పక్కన కూర్చున్నాను. ముప్పై ఐదేళ్లు మాట్లాడనిదంతా ఇరవై రోజుల్లో మాట్లాడాలంటే అవుతుందా? భాద్రపదంలో ఒక పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగానే బాపు వెనక్కి ఒరిగాడు. దవాఖానాకు తీసుకుపోయేసరికే అయిపోయింది. అక్కడి కాగితం మీద కుందారపు సదయ్య మృతి అని రాశారు. జైపాల్ సంతకం పెట్టాడు.

బాపు శవం దగ్గరికి సారవ్వ రాలేదు. కబురు పంపినా రాలేదు. పదోనాడు తెల్లవారుతుండగా మా ఇంటి తలుపు కొట్టింది. చేతిలో చెంబు, నూనె గిన్నె.

"నాకు తోడు రా బిడ్డా" అంది.

నడవలేక నడుస్తూ పార్కులోకి తీసుకుపోయింది. నేరేడు కింద రాయి పక్కన, తడి నేల మీద కూర్చుంది. రెండు కాళ్లూ చాపింది.

"ఇగ గా పేరు గూడ పోయింది. మస్టర్ల లేదు, కాగితంల లేదు. ఇగ తియ్యచ్చు. నాకు వంగరాదు. నువ్వు తియ్యి."

"నేనా పెద్దమ్మా?"

ఆ వరసతో నేను ఆమెను పిలవడం అదే మొదలు. ఆమె గమనించిందో లేదో తెలియదు. "నువ్వే. నీకంటే ఎక్కువ వీటిని చూసినోళ్లు ఎవలున్నరు?" అంది.

చెంబులో నీళ్లతో పాదాలు కడిగాను. వేళ్లకు నూనె రాశాను. పెళ్లినాటి నుంచీ కదలని మట్టెలు. మెల్లగా తిప్పుతూ, ఆగుతూ, మళ్లీ తిప్పుతూ ఒక్కొక్కటే తీశాను. అవి ఉన్నచోట చర్మం పసిపిల్ల చర్మంలా తెల్లగా, మెత్తగా ఉంది. ఆమె ఆ గీతలను వేలితో తడుముకుంది. రాయి మొదట్లో మట్టి తీసి మట్టెలు అందులో పెట్టి కప్పింది. తర్వాత అరచెయ్యి నేలకు ఆనించి, తన ఇంట్లో పక్క గదిలో ఉన్న మనిషితో మాట్లాడినంత నెమ్మదిగా పిలిచింది.

"సదయ్యా."

కాసేపు ఆగింది.

"ఇగ ఎవలు పిలిచినా పలుకకు. పండుకో."

తెల్లవారింది. నడిచేవాళ్లు మా చుట్టూ తిరిగి పోతున్నారు.